స్టేజ్ కదులుతుండగా డేటా తీయడం: ఏ ట్రిగ్గర్ పద్ధతి ఏ పనికి?

మోటారు స్టేజ్ (మోటారుతో జరిగే బల్ల) మీద సెన్సార్ బిగించి స్కాన్ చేశాక చాలా ల్యాబుల్లో ఎదురయ్యే చిక్కు ఒకటే. వెళ్లేటప్పుడు తీసిన గీతా, వచ్చేటప్పుడు తీసిన గీతా ఒకదాని మీద ఒకటి కూర్చోవు. సెన్సార్ మంచిదే, స్టేజ్ మంచిదే. ఏ రీడింగ్ ఏ చోట తీసిందో చెప్పే లంకె, అంటే "ఇప్పుడు చదువు" అని చెప్పే ట్రిగ్గర్ సిగ్నల్, మాత్రం వాటి మధ్య సరిగా లేదు. కానూరు, వడ్డేశ్వరం, వడ్లమూడి కాలేజీల్లో ప్రాజెక్టు చేసే పిల్లలకైనా, ఆటోనగర్‌లో సొంతంగా తనిఖీ యంత్రం కట్టుకునే వర్క్‌షాపుకైనా ఆ లంకెకు ఉన్న దారులు ఇవే. ఏది ఎంచుకోవాలన్నది మీ బడ్జెట్ కంటే ముందు ఒక చిన్న భాగహారం తేలుస్తుంది.

ముందు లెక్క, తర్వాతే కొనుగోలు

ఓర్చుకోగల పొజిషన్ తప్పును స్టేజ్ వేగంతో భాగించండి. వచ్చేది మీరు ఓర్చుకోగల సమయపు తప్పు. స్టేజ్ సెకనుకు 10 మి.మీ. నడుస్తూ, 20 మైక్రాన్ల తప్పు పరవాలేదనుకుంటే 2 మిల్లీసెకన్లు. ఒక్క మైక్రాన్ కావాలంటే 100 మైక్రోసెకన్లు.

ఇప్పుడు మీ దగ్గరున్న సరంజామా ఎంత ఆలస్యం చేస్తుందో చూడండి. ఎఫ్‌టీడీఐ యూఎస్‌బీ-సీరియల్ చిప్ లేటెన్సీ టైమర్ మామూలుగా 16 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది. అదే వేగంలో అది 160 మైక్రాన్లు. పైగా విండోస్ తనకు వీలైనప్పుడు మీ ప్రోగ్రాంను నడుపుతుంది, కాబట్టి ఆ ఆలస్యం ప్రతిసారీ మారుతుంది. స్థిరంగా ఉండే ఆలస్యం పెద్ద శత్రువు కాదు, కొలిచి తీసేయవచ్చు. మారుతూ ఉండేదాన్ని, అంటే జిట్టర్‌ని, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ సరిదిద్దలేదు. "ఎక్కడున్నావ్?" అని కంట్రోలర్‌ని సీరియల్‌లో అడిగి, వెంటనే సెన్సార్ చదివే ప్రోగ్రాం కదలుతున్న స్టేజ్‌కు పనికిరాకపోవడానికి కారణం ఇదే.

ఆగి కొలవడం

కదిలించు, ఆపు, ఊగడం తగ్గేదాకా ఆగు, చదువు. ట్రిగ్గర్ వైరే అక్కర్లేదు. దీన్ని తక్కువ చూపు చూడాల్సిన పనిలేదు. 300 పాయింట్లు, ఒక్కో దానికి అర సెకను అంటే రెండున్నర నిమిషాల్లో పని అయిపోతుంది. లోడ్ సెల్‌కు హెచ్‌ఎక్స్711 బోర్డు వాడేవాళ్లకు ఇదే సరైన దారి. ఆ చిప్ సెకనుకు 10 రీడింగుల రేటులో ఉంటే, విలువ నిలకడపడటానికే 400 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, 80 రేటులో 50. దానికి ఎంత పదునైన ట్రిగ్గర్ పంపినా లాభం లేదు.

పాయింట్లు పెరిగితే మాత్రం కష్టం. 100 గుణకారం 100 గ్రిడ్ అంటే 10,000 పాయింట్లు, అదే అర సెకను చొప్పున 83 నిమిషాలు. ఆ లోపల గది వేడి మారుతుంది. స్టీలు మీటరుకు, డిగ్రీకి సుమారు 12 మైక్రాన్లు పెరుగుతుంది. 300 మి.మీ. లీడ్ స్క్రూ, 5 డిగ్రీల తేడా: 18 మైక్రాన్లు. మే నెలలో బెజవాడ ల్యాబులో ఏసీ ఆగి, మళ్లీ మొదలయ్యే మధ్యాహ్నం ఈ 5 డిగ్రీల తేడా రావడం మామూలే. మధ్యలో కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకు మారినప్పుడు స్టెప్పర్ (మెట్టు మెట్టుగా తిరిగే మోటారు) డ్రైవర్ క్షణం ఆరిపోయినా పొజిషన్ పోయినట్టే. సున్నా చోటును గుర్తించే హోమ్ స్విచ్‌కు తిరిగి వెళ్లకుండా స్కాన్ కొనసాగించకండి.

స్టెప్ పల్స్‌నే ట్రిగ్గర్ చేయడం

ఎన్‌కోడర్ (కదలికను పల్సులుగా మార్చి చెప్పే సెన్సార్) లేని స్టెప్పర్ స్టేజ్‌లో అతి చవకైన దారి ఇది. 200 స్టెప్పుల మోటారు, డ్రైవర్ 1/16 మైక్రోస్టెప్ (ఒక్కో స్టెప్పు 16 ముక్కలు), అంటే చుట్టుకు 3200 పల్సులు. చుట్టుకు 8 మి.మీ. జరిపే (8 మి.మీ. లీడ్) స్క్రూతో మిల్లీమీటరుకు 400, ఒక్కో పల్సుకు 2.5 మైక్రాన్లు. ప్రతి నాలుగో పల్సుకు ఒక శాంపిల్ కావాలంటే మధ్యలో 74హెచ్‌సీ4040 కౌంటర్ చిప్ పెట్టి రెండో అవుట్‌పుట్ తీసుకుంటే 10 మైక్రాన్లకొక ట్రిగ్గర్ వస్తుంది.

వైరింగ్‌లో ఒక మెలిక ఉంది. టీబీ6600 లాంటి డ్రైవర్లలో పల్స్ ఇన్‌పుట్ లోపల ఆప్టోకప్లర్ ఉంటుంది. కామన్ ఆనోడ్ పద్ధతిలో ప్లస్ పిన్‌ను 5 వోల్టులకు కట్టి, మైనస్ పిన్‌ను కంట్రోలర్ కిందికి లాగుతుంది. అంటే సిగ్నల్ తలకిందులు. డాక్ (డేటా తీసుకునే, డీఏక్యూ) కార్డులో రైజింగ్ ఎడ్జ్ (పైకి లేచే అంచు) ఎంచుకుంటే శాంపిల్ పల్సు చివర్లో పడుతుంది. ఫాలింగ్ ఎంచుకోండి, కంట్రోలర్ గ్రౌండూ డాక్ గ్రౌండూ కలపండి.

ఈ పద్ధతి చెప్పేది మీరు మోటారుకు ఇచ్చిన ఆజ్ఞ, స్టేజ్ ఉన్న చోటు కాదు. మైక్రోస్టెప్‌కు ఉండే టార్క్ చాలా తక్కువ, కాబట్టి రాపిడి ఎక్కువున్న స్క్రూలో రెండుమూడు పల్సులదాకా ఏమీ కదలకుండా, తర్వాత ఒక్కసారి జరుగుతుంది. 2.5 మైక్రాన్లు అని కాగితం మీద ఉన్నా దాన్ని రిజల్యూషన్‌గా నమ్మకండి. స్టెప్పులు తప్పితే డేటాలో ఏ గుర్తూ ఉండదు. 20, 30 మైక్రాన్ల తప్పు పరవాలేదు, స్కాన్ ఎప్పుడూ ఒకే దిశలో, బరువు తక్కువ అనుకుంటే వాడండి. అంతకు మించి వద్దు.

ఎన్‌కోడర్ 'ఏ' (A) ఛానల్‌ని శాంపిల్ క్లాక్‌గా ఇవ్వడం

ఎన్‌కోడర్ 'ఏ', 'బీ' అని రెండు సిగ్నళ్లు ఇస్తుంది. చూడటానికి ఇదే సహజంగా ఉంటుంది. ఎన్‌కోడర్ ఒక గీత దాటినప్పుడల్లా ఒక శాంపిల్. బజారులో రెండు వేల రూపాయల లోపే దొరికే 600 పీపీఆర్ (చుట్టుకు 600 పల్సులు) ఎన్‌కోడర్‌ని 8 మి.మీ. స్క్రూకు కడితే 'ఏ' ఛానల్ ఒక్కో పల్సుకు 13.3 మైక్రాన్లు. ఏ, బీ రెండింటి నాలుగు అంచులూ లెక్కిస్తే చుట్టుకు 2400 కౌంట్లు, అంటే 3.33 మైక్రాన్లు.

ఇందులో ఇరుక్కునేవాళ్లే ఎక్కువ, కారణం స్పష్టం. స్టేజ్ ఆగి ఉన్నప్పుడు ఎన్‌కోడర్ గీత సరిగ్గా సెన్సార్ అంచు మీద నిలబడిందనుకోండి. సర్వో మోటారు ఉన్నచోటే సన్నగా వణుకుతూ ఉంటుంది. ఆ వణుకుకి 'ఏ' ఛానల్ పైకీ కిందికీ పోతూ పల్సులు కురిపిస్తుంది. స్టేజ్ ఒక మైక్రాన్ కూడా పోలేదు, డాక్ మాత్రం వందల శాంపిళ్లు తీసేసింది. 1000 శాంపిళ్ల బఫర్ స్కాన్ మొదలుకాకముందే సగం నిండిపోతుంది, ఆ తర్వాత ప్రతి పాయింటూ తప్పు చోటికి జరుగుతుంది. ఏ, బీ రెండూ చూసి దిశ లెక్కగట్టే క్వాడ్రేచర్ కౌంటర్ మధ్యలో ఉంటేనే ఈ గొడవ తప్పుతుంది. ఒక్క ఛానల్‌ను నేరుగా క్లాక్ చేయడం ఒకే దిశలో ఆగకుండా తిరిగే బెల్టుకో, రోలరుకో సరిపోతుంది.

గుంటూరులో మిర్చి బెల్టు మీద లైన్ స్కాన్ కెమెరా పెట్టేవాళ్లకు ఇది చక్కగా కుదురుతుంది. 200 మి.మీ. చుట్టుకొలత ఉన్న కొలత చక్రానికి 600 పీపీఆర్ ఎన్‌కోడర్ కట్టి, 2400 కౌంట్లను మూడుతో భాగిస్తే సరిగ్గా 0.25 మి.మీ.కు ఒక లైను. బెల్టు సెకనుకు అర మీటరు నడిస్తే 2000 లైన్లు. చక్రాన్ని కారం పొడి పడని చోట, బెల్టు లోపలి వైపు ఆనించాలి. చక్రం జారితే బొమ్మలో కాయ పొట్టిగా కనిపిస్తుంది, ఏ ట్రిగ్గర్ సర్దుబాటూ దాన్ని బాగుచేయదు.

కంట్రోలర్ ఇచ్చే పొజిషన్ కంపేర్ పల్స్

మంచి మోషన్ కంట్రోలర్లలో దీనికి ప్రత్యేక హార్డ్‌వేర్ ఉంటుంది. ఏరోటెక్ దీన్ని పీఎస్‌ఓ అంటుంది, న్యూపోర్ట్ ఎక్స్‌పీఎస్‌లో పీసీఓ పేరుతో కనిపిస్తుంది. ఎన్‌కోడర్ కౌంట్ మీరు చెప్పిన విలువ దాటగానే పల్సు బయటికి వస్తుంది, మధ్యలో ప్రాసెసర్ ప్రమేయం ఉండదు. మొదలు, చివర, ఎడం, పల్సు వెడల్పు, పోలారిటీ: ఈ ఐదూ ఇస్తే చాలు. లేజర్ పేల్చాలన్నా, కెమెరా క్లిక్ చేయాలన్నా, అంటే ఆ చోటే ఆ పని జరగాలన్నప్పుడు, దీనికి ప్రత్యామ్నాయం లేదు.

కొనేముందు అమ్మేవారిని అడగాల్సిన ప్రశ్న: కంపేర్ ఎన్‌కోడర్ కౌంటర్ హార్డ్‌వేర్‌లోనే జరుగుతుందా, సర్వో లూప్‌లో ఫర్మ్‌వేర్ చేస్తుందా? రెండోది అయితే లూప్ తిరిగే 1 మిల్లీసెకనో ఎంతో అదే మీ జిట్టర్. సెకనుకు 10 మి.మీ. దగ్గర 10 మైక్రాన్లు. క్యాటలాగులో రెండింటినీ "పొజిషన్ ట్రిగ్గర్" అనే రాస్తారు. జవాబు కాగితం మీద తీసుకోండి.

అమర్చేటప్పుడు వరుస ముఖ్యం. ముందు డాక్‌ను సిద్ధంచేసి ట్రిగ్గర్ కోసం ఎదురుచూసే స్థితిలో పెట్టాలి, తర్వాత కంపేర్ ఆన్ చేయాలి, ఆ తర్వాతే స్టేజ్ కదలాలి. మొదటి ట్రిగ్గర్‌కు ముందు స్టేజ్ పూర్తి వేగం అందుకునేంత దూరం వదలండి. సెకనుకు 20 మి.మీ. వేగం, సెకనుకు సెకనుకు 200 మి.మీ. త్వరణం అయితే ఆ దూరం 1 మి.మీ. మరో 1 మి.మీ. కుదుట పడటానికి ఇవ్వండి.

పల్సుల లెక్క దగ్గర ఒకటి తేడా వస్తుంది. 0 నుంచి 10 మి.మీ. దాకా 10 మైక్రాన్లకొకటి అంటే 1000 కాదు, 1001. ఒక్క గీత స్కాన్‌లో ఇది కనపడదు. వరుస వరుసగా బొమ్మ తీసే రాస్టర్ స్కాన్‌లో ప్రతి వరుసకు ఒక పిక్సెల్ చొప్పున జరిగి, బొమ్మ ఏటవాలుగా వాలిపోతుంది.

నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ (ఎన్‌ఐ) కార్డు వాడుతుంటే రెండు ఎర్రర్లు తరచుగా కనిపిస్తాయి. మైనస్ 200284 వస్తే అడిగినన్ని శాంపిళ్లు గడువులోగా రాలేదని అర్థం. పల్సులు అందడం లేదు, లేదా 1001 అడిగారు 1000 వచ్చాయి. మైనస్ 200019 అయితే దానికి వ్యతిరేకం: ఒక మార్పిడి పూర్తికాకముందే మరో పల్సు వచ్చింది. సాధారణంగా అది వేగం ఎక్కువై కాదు, వైరులో నాయిస్ వల్ల ఒక అంచు రెండుగా కనిపించడం వల్ల. వేగం తగ్గించి చూస్తే పోదు. కేబుల్ సరిచేస్తే పోతుంది.

క్లాక్ డాక్‌దే, పొజిషన్ కూడా అదే క్లాక్‌తో

కొలిచే పనులు ఎక్కువ భాగానికి మా సలహా ఇదే. డాక్ కార్డు తన సొంత క్లాక్‌తో, ఉదాహరణకు సెకనుకు 20,000 సార్లు, సెన్సార్‌ను చదువుతూ పోతుంది. ఎన్‌కోడర్ ఏ, బీ వైర్లు అదే కార్డులోని కౌంటర్‌కు వెళ్తాయి. ప్రతి క్లాక్ అంచుకూ కౌంటర్ విలువను కూడా లాచ్ చేయమంటారు, అంటే ఆ క్షణపు విలువను పట్టి ఉంచమంటారు. చివరికి ప్రతి వోల్టేజీ పక్కన దాని పొజిషన్ ఉంటుంది.

దీని బలం ఏమిటంటే స్టేజ్ ఏం చేసినా డేటా నిజమే చెబుతుంది. వేగం ఊగినా, మధ్యలో ఆగినా, వెనక్కి వచ్చినా పక్క కాలమ్‌లో కనిపిస్తుంది. వేగం స్థిరమని నమ్మి, సమయాన్ని వేగంతో గుణించే పాత అలవాటుకు ఇక అవసరం లేదు. వైబ్రేషన్ కొలిచే డెల్టా-సిగ్మా రకం ఏడీసీలకైతే (వోల్టేజీని అంకెగా మార్చే చిప్‌లు) వేరే దారే లేదు. వాటి లోపలి ఫిల్టర్‌కు ఆగకుండా, సమానంగా కొట్టుకునే క్లాక్ కావాలి, స్టేజ్ ఇచ్చే ఎగుడుదిగుడు పల్సులతో అవి నడవవు.

కార్డు చూసి కొనండి. ఎన్‌ఐ యూఎస్‌బీ-6008లో ఉన్న ఒక్క కౌంటరు అంచులు లెక్కపెడుతుంది తప్ప క్వాడ్రేచర్ తెలియదు, కాబట్టి ఈ పనికి రాదు. యూఎస్‌బీ-6211లో 16 బిట్ ఏడీసీ, అన్ని ఛానళ్లకూ కలిపి సెకనుకు 2,50,000 శాంపిళ్లు, రెండు 32 బిట్ కౌంటర్లు ఉంటాయి, సరిపోతుంది. కౌంటర్ టాస్క్‌కు శాంపిల్ క్లాక్ మూలంగా అనలాగ్ ఇన్‌పుట్ శాంపిల్ క్లాక్‌ను ఇవ్వండి. కౌంటర్ టాస్క్‌ను ముందు స్టార్ట్ చేయాలి, అనలాగ్‌ను తర్వాత. తిరగేస్తే మొదటి కొన్ని పొజిషన్లు పోయి, రెండు కాలమ్‌లూ చివరిదాకా జరిగే ఉంటాయి.

డేటా ఎక్కువవుతుందని భయపడక్కర్లేదు. రెండు కాలమ్‌లు, 8 బైట్ల చొప్పున, సెకనుకు 320 కిలోబైట్లు, అంతే. తర్వాత పైథాన్‌లోనో ల్యాబ్‌వ్యూలోనో 10 మైక్రాన్ల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో పడ్డ రీడింగుల సగటు తీయండి. నేరుగా ఇంటర్‌పొలేషన్ ఫంక్షన్‌కు ఇవ్వకండి. దానికి పొజిషన్ ఎప్పుడూ పెరుగుతూ ఉండాలి, స్టేజ్ మలుపు దగ్గర ఒక్క కౌంట్ వెనక్కి వేసినా తప్పుడు జవాబు వస్తుంది, ఎర్రర్ కూడా చూపదు.

చిన్న బడ్జెట్‌లో ఇదే పని

ఈఎస్‌పీ32లో పల్స్ కౌంటర్ హార్డ్‌వేర్‌లోనే ఉంది, క్వాడ్రేచర్ చేస్తుంది, కొన్ని వందల రూపాయల బోర్డు. రెండు జాగ్రత్తలు. ఆ కౌంటర్ 16 బిట్‌లది, 32,767 దాకా పోతుంది. మిల్లీమీటరుకు 300 కౌంట్ల మన స్టేజ్‌లో అది 109 మి.మీ.తోనే అయిపోతుంది, ఓవర్‌ఫ్లో ఇంటరప్ట్ రాసుకోకపోతే 150 మి.మీ. స్కాన్ మధ్యలో పొజిషన్ ఒక్కసారి మొదటికి దూకుతుంది. రెండోది, దాని పిన్నులు 3.3 వోల్టులవే, 5 వోల్టుల ఎన్‌కోడర్ లైను నేరుగా కట్టకూడదు. లోపలి ఏడీసీ సరళరేఖలో ఉండదు. ఎంసీపీ3208 లాంటి 12 బిట్ చిప్ బయట పెట్టుకోండి. ఆర్డుఈనో ఊనోలో ఒక్క అనలాగ్ రీడింగే సుమారు 100 మైక్రోసెకన్లు, కౌంటింగ్ కూడా ఇంటరప్టులతోనే. నెమ్మది స్టేజ్‌కు నడుస్తుంది, వేగం పెంచితే కౌంట్లు జారిపోతాయి.

కెమెరా అయితే

కంపేర్ పల్సు వాడండి. ఎక్స్‌పోజర్ 1 మిల్లీసెకను, వేగం 10 మి.మీ. అంటే బొమ్మ 10 మైక్రాన్లు అలుక్కుపోతుంది. గ్లోబల్ షట్టర్ (బొమ్మ మొత్తాన్నీ ఒకేసారి తీసేది) ఉండాలి. కెమెరా ఫ్రేమ్ రేటు కంటే వేగంగా ట్రిగ్గర్లు వస్తే కొన్ని చప్పుడు లేకుండా వదిలేస్తుంది. అందుకే కెమెరా వెనక్కి ఇచ్చే ఎక్స్‌పోజర్ సిగ్నల్‌ను డాక్ కౌంటర్‌కు కట్టి, ఎన్ని ఫ్రేములు నిజంగా తీసిందో లెక్క చూసుకోవాలి.

వైర్ల దగ్గర చెడేది

చవక ఎన్‌కోడర్లు ఎక్కువగా ఎన్‌పీఎన్ ఓపెన్ కలెక్టర్, అంటే లైనును కిందికి లాగగలవు, పైకి లేపలేవు. పుల్-అప్ రెసిస్టర్ లేకపోతే వోల్టేజీయే రాదు. 5 వోల్టులకు (ఈఎస్‌పీ32 అయితే 3.3కి) 4.7 కిలో ఓమ్‌లు పెట్టండి. 10 మీటర్ల కేబుల్ కెపాసిటెన్స్ సుమారు 1 నానోఫారడ్ అనుకుంటే, పైకి లేచే అంచు దాదాపు 5 మైక్రోసెకన్ల టైం కాన్‌స్టంట్‌తో మెల్లగా లేస్తుంది. కిందికి పడే అంచును ట్రాన్సిస్టర్ లాగుతుంది కాబట్టి పదునుగా ఉంటుంది. ట్రిగ్గర్‌కు ఎప్పుడూ ఫాలింగ్ ఎడ్జ్ తీసుకోండి. కౌంట్ వేగం ఎక్కువైతే రెసిస్టర్‌ను 1 కిలో ఓమ్‌కు దించండి.

24 వోల్టుల ట్రిగ్గర్‌ను 5కి దించడానికి అందరి చేతికీ అందేది పీసీ817 ఆప్టో. దాని అవుట్‌పుట్‌కు పెద్ద రెసిస్టర్ కడితే అంచు పదుల మైక్రోసెకన్లు సాగుతుంది, సన్నటి పల్సును అసలు చూడదు. 6ఎన్137 వాడండి. పల్సు వెడల్పు కనీసం 10 మైక్రోసెకన్లు పెట్టుకుంటే ఎక్కువ చోట్ల నిశ్చింత.

పక్క షెడ్లో వెల్డింగ్ నడిచే ఆటోనగర్‌లాంటి చోట సింగిల్ ఎండెడ్ (సిగ్నల్‌కు ఒకే వైరు ఉన్న) ఎన్‌కోడర్ పెట్టకండి. ఆర్‌ఎస్-422 డిఫరెన్షియల్ అవుట్‌పుట్ ఉన్నది తీసుకుని, డాక్ వైపు ఏఎం26ఎల్‌ఎస్32 రిసీవర్, జతకు 120 ఓమ్‌ల టెర్మినేషన్, ట్విస్టెడ్ పెయిర్ షీల్డెడ్ కేబుల్. మోటారు కేబుల్‌తో ఒకే గొట్టంలో లాగొద్దు. నాయిస్ ఉందో లేదో తేల్చడానికి స్టేజ్‌ను 10 సార్లు అటూ ఇటూ తిప్పి హోమ్ స్విచ్ దగ్గర కౌంట్ చూడండి. ఒకటి రెండు కౌంట్లకు మించి తేడా పెరుగుతూ పోతే దొంగ పల్సులు వస్తున్నాయి, లేదా కప్లింగ్ స్క్రూ జారుతోంది. షాఫ్ట్‌కూ కప్లింగ్‌కూ కలిపి ఒక పెయింట్ గీత గీస్తే ఆ రెండింటిలో ఏదో వెంటనే తెలుస్తుంది.

తప్పు ఆలస్యానిదా, బ్యాక్‌లాష్‌దా?

ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ పరీక్ష చేయకుండా డేటాను నమ్మవద్దు. 0.1 మి.మీ. ఫీలర్ గేజ్ ఆకును చదునైన పలక మీద అంటించండి. దాని అంచు మీదుగా రెండు వేగాల్లో, రెండు దిశల్లో స్కాన్ చేసి, వెళ్లేటప్పుడు అంచు కనిపించిన చోటుకూ వచ్చేటప్పుడు కనిపించిన చోటుకూ తేడా తీయండి. ఆ తేడాలో రెండు భాగాలు: బ్యాక్‌లాష్ (దిశ మారినప్పుడు స్క్రూ వదులు వల్ల వచ్చే తేడా), ఆలస్యానికి వేగానికి లబ్ధంలో రెట్టింపు. బ్యాక్‌లాష్ వేగంతో మారదు.

సెకనుకు 5 మి.మీ. దగ్గర 60 మైక్రాన్లు, 20 మి.మీ. దగ్గర 150 మైక్రాన్లు వచ్చాయనుకోండి. వేగం 15 పెరిగితే తేడా 90 మైక్రాన్లు పెరిగింది, అంటే రెట్టింపు ఆలస్యం 6 మిల్లీసెకన్లు, అసలు ఆలస్యం 3. 5 మి.మీ. దగ్గర ఆలస్యం వాటా 30 పోగా మిగిలిన 30 మైక్రాన్లు బ్యాక్‌లాష్. ఆలస్యాన్ని ప్రోగ్రాంలో తీసేయండి. బ్యాక్‌లాష్‌కు ఒకే దిశలో కొలవండి, లేదా మోటారు వెనకున్న ఎన్‌కోడర్‌కు బదులు స్టేజ్ బల్లకే లీనియర్ స్కేల్ (తిన్నటి ఎన్‌కోడర్) పెట్టండి.

ఆలస్యం ఇంత ఎక్కువ ఎందుకొచ్చిందని వెతికితే చాలాసార్లు ట్రిగ్గర్ తప్పు ఉండదు. లేజర్ డిస్‌ప్లేస్‌మెంట్ సెన్సార్ లోపల సగటు తీసే సెట్టింగ్ ఉంటుంది. సెకనుకు 1000 రీడింగులు తీసే సెన్సార్‌లో 64 రీడింగుల సగటు పెడితే బయటికొచ్చే విలువ దాదాపు 32 మిల్లీసెకన్లు పాతది. సెకనుకు 10 మి.మీ. వేగంలో అది 0.3 మి.మీ. పైనే. ట్రిగ్గర్‌కు ఎంత ఖర్చుపెట్టినా ఆ 0.3 మి.మీ. అలాగే ఉంటుంది. సగటును 4కి దించి, మిగిలిన నాయిస్‌ను పొజిషన్ గళ్లలో సగటు తీసి తగ్గించుకోండి. ఆ సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ ఫీలర్ గేజ్ పరీక్ష మళ్లీ చేసి, కొత్త ఆలస్యాన్ని డేటా ఫైలు మొదటి వరుసలోనే రాసి ఉంచండి.